పంది కంపెనీది... పెంట రైతుది!

షెడ్డు రైతుది. షెడ్డు కట్టిన నేల రైతుది. బ్యాంకులో అప్పూ అతని పేరు మీదే. లోపల తిరిగే వెయ్యి పందుల్లో మాత్రం ఒక్కటి కూడా అతనిది కాదు. పండక్కి ఒకదాన్ని కోసుకుందామన్నా వీల్లేదు. ఎందుకంటే అది పరాయి సొత్తు.

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రపు తూర్పు భాగంలో డూప్లిన్ అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ మనుషులు యాభై వేలకు అటూ ఇటూ. పందులు పదిహేను లక్షలకు పైమాటే! వాటిని ఏళ్లుగా సాకుతున్న రైతుల్లో చాలామందికి సొంత పంది అంటూ లేదు. కంపెనీ పందుల్ని కూలికి పెంచుతారు. ఆ పద్ధతినే కాంట్రాక్టు పెంపకం అంటారు.

మన బ్రాయిలర్ కోళ్ల రైతుకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. కోడిపిల్లల్ని కంపెనీ ఇస్తుంది. దాణా, మందులు కంపెనీవే. షెడ్డు, కరెంటు, కింద పరిచే వరిపొట్టు, చాకిరీ రైతువి. నలభై రోజులు తిరిగేసరికి లారీ వచ్చి కోళ్లను పట్టుకుపోతుంది. కిలోకి ఇంత అని పెంపకం కూలి చేతికొస్తుంది. కోడికి బదులు పందిని, నలభై రోజులకు బదులు నాలుగు నెలల్ని పెట్టి చూస్తే అదే డూప్లిన్ రైతు జీవితం. అక్కడ కూడా ఈ పద్ధతి ముందు కోళ్లలోనే వచ్చింది, తర్వాతే పందులకు పాకింది.

పాకించిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వెండెల్ మర్ఫీ. బడిపంతులుగా పనిచేసిన ఈయన 1960ల మొదట్లో రోజ్ హిల్ అనే చిన్న ఊళ్లో దాణా మిల్లు పెట్టాడు. తర్వాత పందులు పెంచాడు. 1969లో పందులకు కలరా తెగులు తగిలి మంద పోయింది. ఆ దెబ్బతో ఆయనకో ఆలోచన వచ్చింది. అన్ని పందుల్నీ ఒక్కచోట ఎందుకు పెట్టుకోవాలి? పిల్లల్ని, మేతను ఇస్తే చుట్టుపక్కల రైతులే పెంచిపెడతారు కదా! రైతులకూ అది నచ్చింది. పొగాకు మీద ఆశ సన్నగిల్లుతున్న రోజులవి. పదెకరాలున్నవాడు కొడుకుని ఊళ్లోనే నిలబెట్టుకోవడానికి ఒక దారి కావాలి. ఆ దారి షెడ్డు రూపంలో కనిపించింది.

1992లో టార్ హీల్ అనే ఊరి దగ్గర స్మిత్‌ఫీల్డ్ కంపెనీ పెద్ద కబేళా తెరిచింది. రోజుకు ముప్పై వేలకు పైగా పందుల్ని కోయగల కర్మాగారమది. దానికి మేపడానికి వేల షెడ్లు లేచాయి. ఆ ఏడాది అమెరికా మొత్తంలో కాంట్రాక్టు కింద పెరిగిన పందులు వందకు ఐదే. 2004 నాటికి అవి వందకు అరవై ఏడయ్యాయి. అదే పన్నెండేళ్లలో పందులు పెంచే కమతాలు రెండు లక్షల నలభై వేల నుంచి డెబ్భై వేల లోపుకు పడిపోయాయి.

రైతుకు ఇందులో లాభమే లేదంటే అబద్ధమవుతుంది. 1998 డిసెంబరునే తీసుకోండి. పందుల ధర కుప్పకూలింది. బతికున్న పందికి పౌండుకు పది సెంట్లు రావడమే గగనమైంది. పెంచడానికయ్యే ఖర్చేమో అంతకు మూడింతల పైమాట. సొంతంగా పందులు పెంచుకునే కుటుంబాలు తరతరాల వృత్తిని ఆ చలికాలంలోనే వదులుకున్నాయి. కాంట్రాక్టు రైతుకు మాత్రం కూలి ఎప్పటిలాగే వచ్చింది. నష్టం పందుల యజమానిది, అంటే కంపెనీది. ఆ ఒక్క ఏడాది చూసి షెడ్డు కట్టినవాళ్లను తెలివితక్కువ వాళ్లని ఎవరనగలరు?

పని కూడా తీరుగానే ఉంటుంది. ఒకచోట తల్లి పందులు ఈనుతాయి. ఇంకోచోట పిల్లలు కాస్త పెరుగుతాయి. ఇరవై, పాతిక కిలోల బరువుకొచ్చాక మూడో రైతు షెడ్డుకు చేరతాయి. అక్కడ నూట పాతిక కిలోలు దాటేదాకా మేసి కబేళాకు వెళ్తాయి. రైతు రోజూ ప్రతి గదీ తిరిగి చూడాలి. కుంటుతున్నదేది, మేత ముట్టనిదేది, చచ్చిందేది అని వెతకాలి. అన్నిటికన్నా పెద్ద భయం కరెంటు. వేసవిలో ఫ్యాన్లు ఆగితే షెడ్డు షెడ్డంతా ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. అందుకే జనరేటరు, అలారం తప్పనిసరి. అర్ధరాత్రి అలారం మోగితే పరిగెత్తాల్సింది రైతూ, అతని భార్యా.

మరి ఇబ్బంది ఎక్కడుంది? కాగితంలో ఉంది.

ఆ ఒప్పందాల్లో వివరాలు బయటికి చెప్పకూడదనే షరతులుండేవి. 2002లో అమెరికా వ్యవసాయ చట్టంలో ఒక సెక్షను చేర్చాల్సి వచ్చింది. దాని ప్రకారం, గోప్యత షరతు ఉన్నా సరే, రైతు తన ఒప్పందం గురించి లాయరుతో, అప్పిచ్చిన బ్యాంకుతో, లెక్కలు రాసే మనిషితో, సొంత కుటుంబ సభ్యులతో మాట్లాడుకోవచ్చు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టే కాగితం గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడానికి చట్టం భరోసా ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. 2008లో మరో రెండు రక్షణలొచ్చాయి. సంతకం పెట్టాక మనసు మారితే మూడు పనిదినాల్లోగా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ముందుముందు షెడ్డు మీద ఇంకా పెద్ద పెట్టుబడి పెట్టాల్సి రావచ్చన్న సంగతి ఒప్పందం మొదటి పేజీలోనే స్పష్టంగా రాయాలి.

ఆ కాగితంలో ఇంకో పంపకం ఉంది. పంది కంపెనీది. పంది వేసే పెంట రైతుది. చచ్చిన పందిని పారేసే బాధ్యతా రైతుదే.

పెంట రైతుకు రావడం అన్నిచోట్లా కష్టమేమీ కాదు. ఐయోవా రాష్ట్రంలో అదే వరం. అక్కడ షెడ్డు చుట్టూ మొక్కజొన్న చేలు. షెడ్డు కింద గోతిలో నిల్వ చేసిన పెంటను పంట కోశాక పొలానికి పెడతారు. ఎరువుల ఖర్చు మిగులుతుంది. ఆ ఎరువు కోసమే షెడ్డు కట్టుకునే రైతులున్నారు. డూప్లిన్‌లో భూమి తక్కువ, పందులు ఎక్కువ. అందుకని షెడ్డులోంచి నీళ్లతో కడిగిన పెంటంతా ఆరుబయట చెరువంత గుంటలో నిలవేస్తారు. లాగూన్ అంటారు దాన్ని. అందులోని నీటిని పక్కనున్న గడ్డి బీళ్ల మీద పిచికారీ చేస్తారు. గాలి ఎటు వీస్తే కంపు అటు.

1995 జూన్‌లో అలాంటి గుంటకు గండి పడింది. సుమారు రెండున్నర కోట్ల గ్యాలన్ల మురుగు పొలాల మీదుగా పారి న్యూ రివర్‌లో కలిసింది. చేపలు తెప్పలుగా తేలాయి. అదే ఏడాది రాలీ నగరంలోని 'న్యూస్ అండ్ అబ్జర్వర్' పత్రిక పందుల వ్యాపారం మీద వరస కథనాలు రాసి 1996లో పులిట్జర్ బహుమతి అందుకుంది. 1997లో రాష్ట్రం కొత్త లాగూన్లకు అడ్డుకట్ట వేసింది. పాతవి అలాగే ఉన్నాయి. 1999లో ఫ్లాయిడ్ తుపాను, 2018లో ఫ్లోరెన్స్ తుపాను వచ్చినప్పుడు అవి పొంగి పొర్లాయి.

పొరుగువాళ్ల గోడు వేరు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. తాతల నాటి ఇళ్లు వాళ్లవి. బట్టలు బయట ఆరేయలేరు, సాయంత్రం వాకిట్లో కూర్చోలేరు. 2014లో అయిదొందల మందికి పైగా కోర్టుకెక్కారు. వాళ్లు పక్కింటి రైతు మీద కేసు వేయలేదు. పందుల అసలు యజమాని మీద వేశారు. 2018లో మొదటి కేసులో జ్యూరీ పది మందికి 5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలంది. రాష్ట్ర చట్టంలోని పరిమితి వల్ల అది 32.5 లక్షలకు తగ్గింది. 2020 నవంబరులో అప్పీళ్ల కోర్టు శిక్షగా విధించిన సొమ్మును మళ్లీ లెక్కించమంది. బాధ్యత కంపెనీదేనన్న తీర్పును మాత్రం నిలబెట్టింది. ఆ వెంటనే కంపెనీ రాజీ కుదుర్చుకుంది. పెంట రైతుదని కాగితం ఎంత చెప్పినా, పందితో పాటు కంపూ యజమానిదేనని తేలింది. ఈలోగా 2017, 2018లో రాష్ట్ర శాసనసభ చట్టం మార్చి అలాంటి కొత్త కేసులు వేయడం కష్టం చేసింది.

యజమానులు మాత్రం మారుతూనే వచ్చారు. 2000లో మర్ఫీ వ్యాపారాన్ని స్మిత్‌ఫీల్డ్ కొనుక్కుంది. 2013లో స్మిత్‌ఫీల్డ్‌ను చైనాకు చెందిన షువాంగ్‌హుయ్ సంస్థ 470 కోట్ల డాలర్లకు కొనేసింది. రైతు ఉన్నచోటే ఉన్నాడు. పొద్దున్నే లేచి సాకే పందులకు ఖండాంతరాల్లో కొత్త యజమాని వచ్చాడు, అంతే.

అసలు పరీక్ష లారీ రానప్పుడు ఎదురవుతుంది. 2023 డిసెంబరులో మార్కెట్లో పందులు ఎక్కువయ్యాయంటూ యూటా రాష్ట్రంలో 26 ఫారాలతో స్మిత్‌ఫీల్డ్ ఒప్పందాలు ముగించింది. కంపెనీకి అదొక వ్యాపార నిర్ణయం. రైతుకో? పందుల షెడ్డులో ఆవుల్ని కట్టలేరు, ధాన్యం పోయలేరు. ఆ చుట్టుపక్కల పందులిచ్చే కంపెనీ మరొకటి లేకపోతే అది పనికిరాని కట్టడమే. ధర పడిపోయినప్పుడు కాపాడిన గొడుగు, కంపెనీయే తప్పుకుంటే అక్కరకు రాదు.

కోళ్లకైనా పందులకైనా, షెడ్డు కోసం బ్యాంకు మెట్లెక్కే కుటుంబం కిలోకి ఎంతిస్తారని అడగడం సహజం. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అప్పు ఎన్నేళ్లు, ఒప్పందం ఎన్నేళ్లు? ఆ రెండు అంకెల్లో అప్పుదే పెద్దదైతే, ఆ మిగిలిన ఏళ్లకు పూచీ ఎవరిదో సంతకం పెట్టకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి.