దారము పలికిన వేళ

సికింద్రాబాదులో, చిలకలగూడ మేడలపై గడచిన నా బాల్యపు సంక్రాంతులలో నేను నేర్చిన మొదటి విద్య, గాలిపటమును కన్నులతో గాక వ్రేలితో చూచుట. పతంగి మింట చుక్కయంతదై, ఎండపొడకు చూపు నిలువక, అది యెటు మొగ్గుచున్నదో తెలియని వేళ, మా మేనమామ నా చూపుడువ్రేలిని దారముపై నుంచి, "పైకి చూడకురా, దారం ఏం చెబుతోందో విను" అనెడివాడు. బిగిసినప్పు డొక తీరునను, సడలినప్పు డొక తీరునను ఆ దారము వడకెడిది. చెవికి వినరాని ఆ పలుకును వ్రేలు వినెడిది. ముప్పది యేండ్ల పిదప, భూగోళమునకు ఆవలి దిక్కున, వ్రేలు విన్నదానిని చెవికిని వినిపింపవలెనను కోరిక నన్ను విడువక పట్టుకొనెను.

నేను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ చెంత నివసించుచున్నాను. ఆ రాష్ట్రమునందే, పసిఫిక్ సముద్రపు టొడ్డున, లాంగ్ బీచ్ అను చిన్న యూరు కలదు. అచట గాలిపటములకై యొక ప్రదర్శనశాల నెలకొనియున్నది. ఏటేట ఆగస్టు మాసమున గాలిపటముల యుత్సవము జరుగును. రెండు దారముల విన్యాస గాలిపటమును నేను తొలుత చూచిన దచటనే. కుడిదారము లాగిన కుడికిని, ఎడమది లాగిన ఎడమకును అది తిరుగును. రెంటిని సమముగ పట్టినచో బాణమువలె దూసికొనిపోవును. 1948లో ఫ్రాన్సిస్ రొగాలో, గెర్‌ట్రూడ్ రొగాలో అను దంపతులు వంటింటి తెరగుడ్డతో కుట్టి యెగురవేసిన మెత్తని రెక్క నుండియే ఆ గాలిపటపు త్రికోణాకృతి పెంపొందినది.

గాలిపటముచే పాడించుట క్రొత్త సంగతి కాదు. చీనా భాషలో దానికి గల పేరునందే గాలియు, తంత్రీవాద్యమును కలిసియున్నవి. మలేషియాలోని కెలంతాన్ సీమలో, వావ్ బులాన్ అను పెద్ద గాలిపటము తలపై వెదురువిల్లు కట్టి, దాని కొక పలుచని పట్టీని అల్లెత్రాటివలె బిగింతురు. గాలికి అది తంబురవలె ఎడతెగక మ్రోయుచుండును. అయితే ఆ గాలిపటము ఒకచోట నిలిచి పాడును. నాకు కావలసినది పరుగెత్తుచు పాడునది.

తీగను ఒరసికొనిపోవు గాలి యెట్లు పలుకునో, చెక్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌహాల్ 1878లోనే పరిశోధించియుండెను. గాలి వేగము పెరిగినకొలది స్వరము హెచ్చును, తీగ లావైనకొలది తగ్గును. సెకనుకు 10 మీటర్ల గాలిలో 1 మిల్లీమీటరు తీగ సుమారు 2,000 కంపనములతో కీచుమనును. 5 మిల్లీమీటర్ల త్రాడు 400 కంపనములతో పలుకును. ఈ లెక్కను నమ్మి నేను మొదట గుండ్రని త్రాటిని కట్టితిని గాని, ఆ స్వరము సముద్రఘోషలో కలిసిపోయెను. తుదకు కెలంతాన్ వారి మార్గమే శరణ్యమైనది. చదునైన పట్టీ గాలికి తానే అల్లాడి గట్టిగా మ్రోసెను. దాని శ్రుతి బిగువును బట్టి యుండును. నాదమందలి హెచ్చుతగ్గులు గాలి తాకిడిని బట్టి యుండును. విల్లును ఒక రెక్కపై కట్టగా గాలిపటము ఆ వైపునకే ఒరిగెను. నడిమి కడ్డీపైకి మార్చిన పిదప నిలకడ గలిగెను. గాలివాటునకు నట్టనడుమ వేగముగా పోవునపుడు నాదము పైకెగసి, అంచులకు చేరి మందగించునపుడు జారుచుండ, దానిని గమకమనక మరేమనవచ్చును?

ఆ గాలిపటముతో ఒక సంక్రాంతికి సికింద్రాబాదు వచ్చితిని. పరేడ్ గ్రౌండ్సులో అంతర్జాతీయ గాలిపటముల పండుగ జరుగుచుండెను. ఆ మరునాటి యుదయమున తిరుమలగిరి చెంత నొక ఖాళీ మైదానమున నా రెండు దారములను పరచుచుండగా, బాలురు మూగిరి. వారిలో నొకడు దారమును తడవి చూచి, "అంకుల్, దీనికి మాంజా లేదా? పేంచ్ ఎట్ల ఏస్తరు?" అని యడిగెను. నా మనస్సు చివుక్కుమనెను. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాను మాంజాను దేశమంతట నిషేధించినను, పక్షుల రెక్కలును, బాటసారుల కంఠములును నేటికిని తెగుచునేయున్నవి. నేనును ఆ వయస్సున దారము పలుకును విన్నది ఎదుటివాని పతంగిని కోయుటకే గదా! "ఇది కోయదు నాయనా, పాడుతుంది" అంటిని.

అయితే అది పాడలేదు. లాంగ్ బీచ్ సముద్రపు గాలి కలవాటుపడిన నా విల్లు, సికింద్రాబాదు జనవరి పిల్లగాలికి మూగవోయెను. గాలి చాలనప్పుడు ఎగురవేయువాడు వెనుకకు నడచి ఆ లోటు తీర్పవలెను. నేను అడుగు వెనుకకు వేసితిని. సన్నని రొద యొకటి పుట్టెను. మరి నాలుగడుగులు వేయగా అది నిండుగ మ్రోసెను. బాలురు కేకలు మాని నిలిచిపోయిరి. ప్రహరీగోడ వీపునకు తగులగా నేను నిలిచితిని, నాదమును నిలిచెను.

మా మామ చెప్పిన మాటలో ఇంకొక సగ మున్నదని నా కప్పుడు తెలిసెను. దారము చెప్పునది వినుట యెంత యవసరమో, దానిచే చెప్పించుటకు మనము నడచుటయు నంతే యవసరము. నన్నడిగిన బాలుని చేతికి రెండు పిడులను ఇచ్చితిని. గాలిపటము నిశ్శబ్దముగ జారి క్రిందికి దిగుచుండగా వాడు ముందునకు నడచి, మైదానము నడుమ నిలిచి, దారములు బిగియబట్టి, మెల్లగ వెనుకకు అడుగు వేసెను.