సముద్రం ఎదురుగా, సముద్రం వెనుకగా

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని మా రామతీర్థం నుండి సముద్రం కనబడదు గాని, అది ఎంతో దూరమూ కాదు. నెల్లిమర్ల పక్కగా పారే చంపావతి కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. దీపస్తంభం ఉన్న చింతపల్లి తీరం కూడా ఆ దాపుననే ఉంది. అయినను సముద్రాన్ని ఒక్కసారైనా చూడని తల్లులు, సోదరీమణులు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఈ విషయం మా మనసుకు గట్టిగా తాకినది మలేషియాలో.

కౌలాలంపూర్‌లో తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతూ మేము కొంతకాలం నివసించాము. అక్కడ శని, ఆదివారాలు సెలవు. ఒక ఆదివారం నాలుగు కుటుంబాలతో కలిసి పోర్ట్ డిక్సన్‌కు బయలుదేరాము. మలక్కా జలసంధి ఒడ్డున ఉన్న ఆ పట్టణం రాజధానికి సుమారు 90 కిలోమీటర్లు. అక్కడి తెలుక్ కెమాంగ్ తీరంలో మలయ్ స్త్రీలు నిండు దుస్తులతో, తలపై వస్త్రంతోనే నీటిలోకి దిగి పిల్లలను ఆడిస్తున్నారు. భర్తలు చాపలు పరచి, అరటి ఆకులో చుట్టిన కొబ్బరిపాల అన్నం వడ్డిస్తున్నారు.

నమాజు వేళకు మేము సమీపంలోని ‘సురావు’కు వెళ్లాము. సురావు అంటే చిన్న నమాజు మందిరం. స్త్రీలకు వేరుగా వుజూ స్థలం, వేరుగా గది ఉన్నాయి. ఆ గదిలో ‘తెలెకుంగ్’ అనే తెల్లని నమాజు వస్త్రాలు సిద్ధంగా ఉంటాయి. వచ్చినవారు ధరించి, నమాజు ముగించుకొని, తిరిగి అక్కడే ఉంచి వెళతారు. ప్రయాణికులమైనందున మేము జుహర్, అసర్ రెండేసి రకాతులు చేశాము. షాఫిఈ మస్లక్‌కు చెందిన స్థానిక సోదరులు రెంటినీ ఒకే వేళలో కలిపి చేసుకున్నారు.

అస్తమయానికి మళ్లీ తీరానికి చేరాము. మన తీరంలో ఖిబ్లా వైపు నిలిస్తే సముద్రం వెనుక ఉంటుంది. అక్కడ ఎదురుగా ఉంటుంది. పడమట అడ్డులేని ఆ చోటనే ‘బైతుల్ హిలాల్’ అనే నెలవంక పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పారు. రమజాన్ నెలవంక కోసం అక్కడినుండి చూస్తారు.

మాతో వచ్చిన వారిలో విజయనగరం ప్రాంతపు పెద్దావిడ ఒకరున్నారు. కొడుకును చూడ వచ్చిన ఆమె సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. “మావూరికింత దగ్గర్లో ఉండగా, దీన్ని చూడ్డానికి ఇంత దూరం రావాలేటి మౌలానా సాబ్?” అని ఆమె నవ్వారు. ఆ ప్రశ్నకు మనలో ప్రతి ఇంటి యజమానీ సమాధానం చెప్పవలసి ఉంది.

పర్దా, నమాజు తప్పిపోతుందన్న భయం, జనసమ్మర్దం మనవారు చెప్పే కారణాలు. ఇవి తేలికగా కొట్టివేయదగినవి కావు; అయితే మార్గం లేనివీ కావు. సముద్రపు నీరు పరిశుద్ధమని, దానితో వుజూ చేయవచ్చునని దైవప్రవక్త (స) తెలిపారు. భూమి అంతా ఆయన సముదాయానికి నమాజు స్థలంగా చేయబడింది. ఆయన స్వయంగా ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఎడతెగని ఆరాధనలో మునిగిన హజ్రత్ అబూ దర్దా (రజి)కు, ఇంటివారికి కూడా నీపై హక్కు ఉన్నదని హజ్రత్ సల్మాన్ (రజి) గుర్తుచేయగా, ఆ మాట నిజమని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. ఇల్లాలి హక్కు తిండితో, బట్టతో తీరిపోదు.

మన తీరాన సురావు లేకపోవచ్చు. రెండు మూడు కుటుంబాలు కలిసి, ఫజర్ నమాజు కాగానే, జనం చేరకముందే బయలుదేరవచ్చు. రెండు జానమాజులు, ఒక క్యాను మంచినీరు, స్త్రీలకు చాటుగా కట్టుకొనుటకు ఒక దుప్పటి ఉంటే చాలు. మన వైపు అలల ఉద్ధృతి ఎక్కువ గనుక పిల్లలను లోతుకు పోనివ్వరాదు. సూర్యుడు నీటినుండి పైకి వచ్చే దృశ్యం పోర్ట్ డిక్సన్‌లో దొరకదు. అది మన తీరానికి అల్లాహ్ ప్రసాదించిన భాగ్యం. ఆ సృష్టి సూచనను మన తల్లులకు, భార్యలకు, కుమార్తెలకు చూపించే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.