లక్షంటే పది ‘మాన్’లు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, కోచింగ్ బోర్డులు మీద పడతాయి. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, ఎస్సై ఉద్యోగాలు, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్. ఆ వరుసలో ఇప్పుడు జపనీస్ కూడా ఉంది. మెయిన్‌రోడ్డు మీంచి సందులోకి మళ్లి మూడో అంతస్తుకు ఎక్కితే అలాంటి తరగతే ఒకటి. మేం వెళ్లిన సాయంత్రం అక్కడ లెక్కింపు పాఠం నడుస్తోంది.

బెంచీల మీద ఎక్కువమంది నర్సింగ్ పూర్తిచేసినవారే. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉంటున్నారు. నైపుణ్యమున్న కార్మికులను తీసుకునేందుకు జపాన్ 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జపనీస్ నేర్పించి అక్కడికి పంపుతోంది. వెళ్లాలంటే భాష రావాలి, భాషలో ముందు పడేది అంకెలు.

ఇచి, ని, సాన్, యోన్, గో, రొకు, నానా, హాచి, క్యూ, జూ. పది దాటాక దారి సాఫీగానే ఉంటుంది. పదకొండు ‘జూఇచి’, ఇరవై ‘నిజూ’, యాభై ఏడు ‘గోజూనానా’. పన్నెండు, ముప్పై, నలభై అంటూ ఒక్కోదాన్నీ విడిగా నేర్చుకున్న తెలుగువాళ్లకు ఇదో ఊరట. నాలుగుకు ‘షి’, తొమ్మిదికి ‘కు’ అనే పేర్లు కూడా ఉన్నాయి గానీ, రోగుల ముందు జాగ్రత్తగా ఉండమంటారు సెన్సే, అంటే టీచర్. మొదటిది చావులా, రెండోది బాధలా వినిపిస్తాయి.

చిక్కు వందల దగ్గర మొదలవుతుంది. వంద ‘హ్యాకు’. ఎల్బీనగర్ మీదుగా వెళ్లే 300 నంబరు బస్సును మాత్రం ‘సాన్‌హ్యాకు’ అనకూడదు, ‘సాన్‌బ్యాకు’ అనాలి. వెయ్యి ‘సెన్’, మూడువేలు ‘సాన్‌జెన్’. నకారం తర్వాత పరుషాలు సరళాలవుతాయని బడిలో ద్రుత సంధులు చదివినవారికి ఇది మరీ కొత్తగా ఉండదు.

“మరి నాలుగొందలు యోన్‌బ్యాకు కావాలి కదా సెన్సే?” అంది ముందు బెంచీ అమ్మాయి.

“కాదమ్మా, యోన్‌హ్యాకే. అది బట్టీ పట్టాల్సిందే.”

అసలు పరీక్ష పదివేల దగ్గర. జపనీస్‌లో పదివేలకు ‘మాన్’ అని సొంత పేరుంది, లక్షకు లేదు. లక్షంటే ‘జూమాన్’, అంటే పది పదివేలు. కోటి ‘ఇస్సెన్‌మాన్’. పది కోట్లకు గానీ ‘ఓకు’ అనే కొత్త పేరు రాదు. సెన్సే బోర్డు మీద 34,56,789 రాసి, కామాలు చెరిపేసి, కుడినుంచి నాలుగంకెలు వదిలి ఒక గీత గీశారు. ఎడమన 345, కుడిన 6789. సాన్‌బ్యాకు యోన్‌జూ గో మాన్, రొకుసెన్ నానాహ్యాకు హాచిజూ క్యూ.

“జీతం జూహాచిమాన్ యెన్‌లు అన్నారనుకోండి, ఎంత?” అని సెన్సే అడగ్గానే క్యాల్‌క్యులేటర్లు బయటికొచ్చాయి. వెనక బెంచీ కుర్రాడు గీత గీసి చెప్పేశాడు: లక్షా ఎనభై వేలు.

వస్తువును బట్టి లెక్కపెట్టే మాట మారడం మరో పాఠం. కాగితాలకు ‘మాయ్’, మాత్రలకు ‘జో’, పెన్ను, గొడుగులాంటి పొడవాటి వాటికి ‘హోన్’. ఇంజెక్షన్లనూ ‘ఇప్పోన్, నిహోన్, సాన్‌బోన్’ అనే లెక్కపెడతారు. మనుషులకు ‘హితోరి, ఫుతారి’, మూడు నుంచి ‘నిన్’. పుస్తకాలు మూడు, పిల్లలు ముగ్గురు అనడం అలవాటైన నోళ్లకు ఈ తేడా త్వరగానే పట్టుబడింది. జ్వరం లెక్క మాత్రం తికమక పెట్టింది. ఇంట్లో 98.6 అని విన్నవాళ్లు అక్కడ సెల్సియస్‌లో ‘సాన్‌జూరొకు తెన్ గో దో’, అంటే 36.5 డిగ్రీలు అని చెప్పాలి.

తర్వాతి తరగతికి తేదీలు. నెలలో మొదటి పది రోజులకూ ప్రత్యేకమైన పేర్లున్నాయి: ‘త్సుయితాచి’, ‘ఫుత్సుకా’, ‘మిక్కా’, ఇలా ‘తోకా’ దాకా. నాలుగో తేదీ ‘యొక్కా’, ఎనిమిదో తేదీ ‘యోకా’ కావడంతో వినడంలో చాలామంది అక్కడే పొరబడతారు. వీళ్లు రాయబోయే జపనీస్ భాషా నైపుణ్య పరీక్ష జేఎల్‌పీటీ ఏటా జులై, డిసెంబరు నెలల తొలి ఆదివారాల్లో ఉంటుంది. తొలి ఆదివారం ఏడో తేదీ దాటదు కాబట్టి, పరీక్ష ఎప్పుడని ఎవరైనా జపనీస్‌లో అడిగితే జవాబు ఈ జాబితాలోంచే రావాలి. 2025 డిసెంబరులో అది ‘నానోకా’, ఏడో తేదీ.