ఎన్నాళ్ళుంటారు?

మా అల్లుడింట్లో ఆదివారంనాడు పదకొండింటికల్లా వంట ముగిసిపోవాలి. పన్నెండింటికి ఫుట్‌బాల్ మొదలైతే ఇక ఎవరూ వంటింటి మొహం చూడరు. మేము మిల్వాకీలో దిగిన మొదటి వారం ఈ సంబరం చూసి మా ఆవిడా, నేనూ మొహమొహాలు చూసుకున్నాం. కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. దీనికి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్ళకే తెలియాలి. అయినా రెండు నెలలు తిరిగేసరికి నాకూ రుచి పట్టింది. పరాయిదేశంలో కాలక్షేపం ఉండాలి గదా!

మొన్నొక ఆదివారం ఆట అయిపోయాక అసలు ఆట మొదలైంది. ఒప్పందం గడువు తీరి, తనకిష్టమైన జట్టుకు వెళ్ళే ఆటగాణ్ణి ఇక్కడ ఫ్రీ ఏజెంటు అంటారు. అలా వెళ్ళినవాళ్ళలో వెళ్ళిన చోటికి అందరికంటే ఎక్కువ మేలు చేసిందెవరు? ఇదీ తగవు.

"ఇంకెవరు, టామ్ బ్రేడీ!" అన్నాడు మా మనవడు. వాడికి పధ్నాలుగేళ్ళు. "ఇరవయ్యేళ్ళు న్యూ ఇంగ్లండులో ఆడి, ఆరు సూపర్ బౌల్స్ గెలిచి, 2020లో టాంపాకు వెళ్ళాడు తాతయ్యా. అప్పటికి నలభై రెండేళ్ళు. మొదటి ఏడే, 2021 ఫిబ్రవరిలో, కాన్సాస్ సిటీని 31–9తో ఓడించాడు. అదీ టాంపా సొంత మైదానంలో!"

మా అల్లుడు ఒప్పుకోలేదు. ఆయన దేవుడు పేటన్ మానింగ్. మెడకు శస్త్రచికిత్సలు జరిగి 2011 అంతా ఆడలేకపోతే, పద్నాలుగేళ్ళు కొలిచిన ఇండియానాపొలిస్ జట్టు అతన్ని వదిలేసింది. 2012లో డెన్వర్ పిలిచి పీట వేసింది. మరుసటేడు యాభై అయిదు టచ్‌డౌన్లకు బంతి అందించి రికార్డు సృష్టించాడు. 2016 ఫిబ్రవరిలో కప్పు తెచ్చాడు.

"ఆ కప్పు తెచ్చింది డెన్వర్ డిఫెన్సు. మీ మానింగ్ కాదు," అంటూ మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చింది. దాని ఓటు డ్రూ బ్రీస్‌కి. 2005 ఆగస్టులో కత్రీనా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచేసింది. ఆట జరిగే సూపర్‌డోమ్ నిలువ నీడలేని జనానికి ఆశ్రయమైంది. ఆ ఏడాది చివరనే బ్రీస్‌కి బంతి విసిరే భుజం చితికింది. మయామీ డాక్టర్లు అనుమానపడితే న్యూ ఆర్లియన్స్ చేరదీసింది. "ఊరూ దెబ్బతినే ఉంది, మనిషీ దెబ్బతినే ఉన్నాడు నాన్నా. నాలుగేళ్ళలో, 2010లో, ఇద్దరూ కలిసి కప్పు గెలిచారు. అదీ మయామీలోనే!"

ఈ వాదన నాకు బాగా నచ్చింది. తీర్పు ఇచ్చేద్దామనుకుంటున్నాను కూడా. అంతలో నిచ్చెన అడగడానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. సంగతి విని, నిచ్చెన మాట మరిచిపోయి కూర్చున్నాడు.

ఈయన గ్రీన్‌బే పాకర్స్ జట్టుకు యజమాని. అంటే కోటీశ్వరుడని కాదు. ఆ జట్టుకు ఒక షావుకారంటూ లేడు, వాటాలు జనానివి. ఈయన వాటా కాగితం పటం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. దాన్ని బయట అమ్ముకోవడానికి వీల్లేదు, లాభంలో దమ్మిడీ రాదు. మన కోఆపరేటివ్ సొసైటీ వాటాకైనా ఏ పదేళ్ళకో డివిడెండు ముట్టవచ్చు గాని, దీనికి ఆ ఆశ కూడా లేదు.

"రెజీ వైట్," అన్నాడాయన. అంతే. ఇంకేం చెప్పనవసరం లేదన్నట్టు కూర్చున్నాడు.

తర్వాత మా అల్లుడు నాకు విడమరిచి చెప్పాడు. 1993కు ముందు ఆటగాడికి గడువు తీరినా స్వేచ్ఛ నామమాత్రమే. 1989 నుంచి ఒక్కొక్క జట్టు తనకు కావలసిన ముప్ఫై ఏడుగుర్ని అట్టేపెట్టుకునే పద్ధతి నడిచింది. మంచి ఆటగాళ్ళందరూ ఆ ముప్ఫై ఏడుగురిలోనే ఉంటారు గదా! 1992లో మినియాపొలిస్ కోర్టులో జూరీ ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ వెనుకనే ఆటగాళ్ళందరి తరపునా ఫిలడెల్ఫియా ఆటగాడు రెజీ వైట్ పేరు ముందు పెట్టి వేసిన దావా రాజీకి వచ్చింది. అలా తలుపు తెరుచుకుంది. తెరిపించినవాడే ముందుగా బయటికి నడిచిన పెద్ద ఆటగాడు.

మనిషి మూడువందల పౌన్ల బరువు. ఆదివారాలు ఆట, తక్కిన రోజులు చర్చిలో ప్రసంగం. ఇందాకటి ముగ్గురూ బంతి విసిరేవాళ్ళయితే, అలా విసిరేవాళ్ళను పడగొట్టడం ఇతని వృత్తి. పెద్ద పెద్ద నగరాలు అతని కోసం ఎర్ర తివాచీ పరిచాయి. అతను మాత్రం లక్షమంది కూడా గట్టిగా ఉండని, చలికి ఎముకలు కొరికే గ్రీన్‌బేకి వెళ్ళాడు. దేవుడు చెప్పాడన్నాడు.

"దేవుడు చెప్పాడో, నాలుగేళ్ళకిచ్చిన కోటీ డెబ్భై లక్షల డాలర్లు చెప్పాయో!" అని నవ్వాడు మా అల్లుడు.

పెద్దాయన నవ్వలేదు. "డబ్బు ఇంకోచోటా దొరికేది," అన్నాడు. "అప్పటికి మేము సూపర్ బౌల్ గెలిచి పాతికేళ్ళు. మాట వినకపోతే నిన్ను గ్రీన్‌బేకి పంపేస్తామని వేరే జట్లలో బెదిరించేవారట. నల్లవాళ్ళయితే మరీ భయపడేవారు. ఊళ్ళో తమవాళ్ళెవరున్నారని? అలాంటి చోటికి, ఎక్కడికైనా వెళ్ళగలిగిన మనిషి, తనంత తాను వచ్చాడు."

నాకు పాడేరు గుర్తొచ్చింది.

ముప్ఫై రెండేళ్ళ నౌకరీలో నాకు పదకొండు బదిలీలు. ఒక్కసారైనా నన్నడిగి వేసిన పాపాన పోలేదు. 1984లో పై అధికారికి నామీద కోపం వచ్చింది. పాడేరు వేశారు. ఆ రోజుల్లో ఏజెన్సీ బదిలీ అంటే శంకరగిరి మాన్యాలు పట్టించడమే. ఘాట్ రోడ్డు, మలేరియా జ్వరాలు. మా అమ్మ నన్ను యుద్ధానికి పంపుతున్నట్టు ఏడ్చింది.

ఆఫీసులో అడుగుపెట్టిన రోజున బంట్రోతు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "తమరెన్నాళ్ళుంటారు బాబూ?" అనడిగాడు. పేరడగలేదు, ఊరడగలేదు. నేను గొప్పగా, "ఆరునెలల్లో వెళ్ళిపోతానోయ్" అన్నాను. అతను చిన్నబుచ్చుకోలేదు. తలూపి ఖాళీ గ్లాసు తీసుకుపోయాడు. ఆ మాట అతను నాకు ముందు ఎంతమంది నోట విన్నాడో! తన సొంత ఊరు పదిమందికి జైలని రోజూ వింటూ ఉంటే మనిషికెలా ఉంటుందో నాకప్పుడు తట్టలేదు. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని కాకినాడ వేయించుకున్నాను.

2022లో ఆ పాడేరే అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. పేపర్లో చదివి సంతోషించాను. సంతోషించడానికి నాకేం హక్కుందో తెలియదు.

"ఒక్కడి వల్లే గెలిచారా?" అంటున్నాడు మా మనవడు. నిజమే. అంతకు ముందేడే కొత్త కోచ్ హోమ్‌గ్రెన్ వచ్చాడు, బంతి విసిరే ఫావ్ర్ వచ్చాడు. వాళ్ళు లేకపోతే కప్పు లేదు. అయితే వైట్ వచ్చాక తక్కినవాళ్ళకూ ఆ ఊరంటే జంకు తీరింది. 1993 డిసెంబరు 26న, వణికించే చలిలో, వైట్ కిందపడ్డ బంతిని అందుకుని కొంతదూరం పరుగెత్తి పక్కనున్న లెరాయ్ బట్లర్‌కి విసిరాడు. బట్లర్ గీత దాటి, ఆ ఊపున గోడమీదికి ఎగిరి జనం చేతుల్లో పడ్డాడు. ఈనాటికీ ఆ మైదానంలో గీత దాటిన సొంత ఆటగాడు జనంలోకి దూకుతాడు. 1997 జనవరిలో న్యూ ఇంగ్లండును 35–21తో ఓడించిన సూపర్ బౌల్‌లో వైట్ ఎదుటివాణ్ణి మూడుసార్లు కూలదోశాడు.

"నా తీర్పు రెజీ వైట్‌కే," అన్నాను. "బ్రేడీ వెళ్ళకముందు కూడా టాంపా పేరు చెప్పి ఎవర్నీ బెదిరించేవారు కాదు గదరా! అమ్మాయి చెప్పిన బ్రీస్‌ది రెండో స్థానం. అతనూ కష్టంలో ఉన్న ఊరికే వెళ్ళాడు, కాని అప్పటికి అతన్ని పిలిచేవాళ్ళు తక్కువ. ఇతన్ని అందరూ పిలిచారు."

మనవడు అప్పీలుకు వెళతానన్నాడు. పెద్దాయన లేచి నాకు చెయ్యి కలిపి, నిచ్చెన లేకుండానే వెళ్ళిపోయాడు. వైట్ 2004లో, ఆ డిసెంబరు 26నే, నలభై మూడేళ్ళకు పోయాడని వెళుతూ గుమ్మంలో చెప్పాడు.

మా ఆవిడ ఇంతసేపూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓ మూల కూర్చుంది. ఆటా పట్టదు, వాదనా పట్టదనుకున్నాను. అందరూ లేచాక అడిగింది.

"ఇంతకీ ఆయన ఆ ఊళ్ళో ఎన్నాళ్ళున్నాడండీ?"

"నాలుగేళ్ళకని వచ్చి ఆరేళ్ళు ఆడాడు."

ఆవిడ ఇంకో కాయ తీసుకుంది.

"మనం పధ్నాలుగు నెలలు," అంది.