పేరు వేసుకోని ఎడిటరు

తెనాలిలో ఒక రిటైర్డు తెలుగు మాస్టారి మేడగది. అల్మరా తెరవగానే కలరా ఉండల ఘాటు. లోపల ఏడాదికొకటిగా బైండు చేయించిన పాత చందమామలు.

"కుటుంబరావుగారి పేరు ఎక్కడుందో చూపించండి, చూద్దాం" అంటూ 1950ల నాటి సంపుటం ఒకటి నా ముందు పెట్టారు.

అట్ట తిప్పాను, ఆఖరి పేజీ చూశాను. చక్రపాణి పేరుంది. నాగిరెడ్డితో కలిసి 1947లో చందమామ పెట్టిన ఆయనదీ ఈ ఊరే. ఇక్కడే 1909లో పుట్టి, 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికలో కథల భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావు పేరు మాత్రం కనబడలేదు.

పేరు సంగతి వదిలేసి బేతాళ కథ తీశాను. అసలు బేతాళ కథలు పాతిక. నెలకొకటి వేస్తే రెండేళ్లకు సరుకు అయిపోతుంది. చందమామలో అవి దశాబ్దాలు నడిచాయి. అంటే ఎక్కడెక్కడి కథలో తెచ్చి, తిరగరాసి, విక్రమార్కుడి భుజానికెత్తాలి. చిక్కంతా చివర్లోనే. కథ పూర్తిగా తేలిపోతే బేతాళుడికి అడగడానికేం మిగలదు. మరీ తేలకపోతే రాజు జవాబు అతకదు. జవాబుకు ఆధారం ముందే ఎక్కడో, పిల్లవాడి కంటపడీ పడనట్టు ఉండాలి. మాస్టారు వాక్యాల వెంట వేలు జరుపుతూ చూపించారు: సమాసాల బరువు లేదు, వర్ణన కోసం కథ ఆగదు. మద్రాసులో తెలుగులో ఖరారైన కథే మిగతా భాషల్లోకి వెళ్లేది కనుక, ఇక్కడ వాక్యం కుంటితే అన్నిచోట్లా కుంటినట్టే.

"'చదువు' నవల రాసిన హేతువాది నెలనెలా దయ్యాలను ఎలా భరించాడంటారు?" అని అడిగాను.

"ఈ దయ్యాల్ని చూసి ఏ పిల్లాడైనా జడుసుకున్నాడా? మనకంటే బుద్ధిగా ఉంటాయి" అన్నారు మాస్టారు.

నాకైతే అందులో వైరుధ్యమే కనబడదు. శవంలో దూరినా బేతాళుడు అడిగేది తర్కమే కదా!

1970ల సంపుటం ఒక్కటి ఇంటికి పట్టుకెళ్తానన్నాను. మాస్టారు అల్మరాకు తాళం వేసేశారు. "కాఫీ ఎన్నిసార్లయినా ఇస్తాను. పుస్తకం మాత్రం గుమ్మం దాటదు. కూర్చుని చదువుకోండి."