నడిమి ఇల్లు

ఏప్రిల్ 7, 2025. భద్రాచలం
నిన్న కల్యాణానికి వచ్చిన జనమంతా పొద్దున్నే బస్సులెక్కి వెళ్లిపోయారు. నా సంచిలో మూడు నోటుపుస్తకాలు: 2005ది, 2015ది, ఇంకా ఏమీ రాయని ఈ ఏటిది. పదేళ్లకోసారి అవే 41 ఇళ్ల ఆదాయం రాస్తున్నాను. ఆదాయాల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాస్తే 21వ చోట పడేది నడిమి ఇల్లు. లెక్కల వాళ్లు మధ్యగతం అంటారు. సగటుతో నాకు పని జరగదు. ఊళ్లో ఒక్క మిర్చి వ్యాపారి బాగుపడినా సగటు లేస్తుంది, నడిమి ఇంట్లో మాత్రం అదే గంజి.

ఏప్రిల్ 9. దుమ్ముగూడెం దారి
బస్సు ఊరు దాటగానే ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లి, కాసేపటికి మళ్లీ తెలంగాణలోకి వచ్చింది. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరిది, ఆ తర్వాత ఖమ్మానిది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకు పోయాయి. 2016 అక్టోబరు 11 నుంచి ఇటువైపు మిగిలిన భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. ఇరవై ఏళ్లలో ఖమ్మం జిల్లా ఆదాయం ఇంత పెరిగిందని ఎవరైనా అంటే, ఏ ఖమ్మం అని అడగాలి. పేద అడవి మండలాలు విడిపోతే, ఏ ఇంటికీ రూపాయి పెరగకుండానే మిగిలిన జిల్లా మధ్యగతం పెరుగుతుంది. అందుకే జిల్లాను వదిలి ఇళ్లను పట్టుకున్నాను.

ఏప్రిల్ 17
"నెలకు ఎంతొస్తది?" అని అడగడం ఎప్పుడో మానేశాను. నెల అనేది జీతగాళ్ల కొలత. ఇక్కడ కాలాలంటే ఇప్పపువ్వు, తునికాకు, ఉపాధి పని, పోడు విత్తనాలు, మిర్చి కోతలు. కాలం పేరు చెబితే చాలు, మిగతాది వాళ్లకే గుర్తొస్తుంది.
ఇవాళ ఒక కోయ అమ్మ నా రాతను ఆపింది. "అమ్మిన పువ్వు రాసినవు సారూ, మేం దాసుకున్నది రాయలే." లోపలి నుంచి గంప తెచ్చి ముందు పెట్టింది. అడుగున ఎండి ముడుచుకున్న ఇప్పపువ్వు, తీపి పులిసిన వాసన. 2005 పుస్తకం తీసి చూశాను. అందులో ఇంటికి వాడుకున్నదానికి గడే లేదు, 2015లో చేర్చాను. ఆ పదేళ్లలో పెరిగిందని నేను సంబరపడిన ఆదాయంలో కొంత, నేను కొత్తగా గీసిన గడిదే. తప్పు నాది. మూడేళ్లనూ పోల్చేటప్పుడు తర్వాతి పుస్తకాల్లోంచి ఆ గడిని తీసేసి ఒక లెక్క, ఉంచి మరో లెక్క చేయాలి.
ఈ నెల నుంచి రేషన్‌లో సన్నబియ్యం, మనిషికి 6 కిలోలు. ఐదుగురి ఇంటికి 30 కిలోలు. దీన్ని అంగడి ధరకు కట్టి ఆదాయంలో కలపాలా? కలిపే చూపిస్తాను, విడిగా.

మే 4. తునికాకు కల్లం
తెల్లవారకముందే అడవికి పోయినవాళ్లు పది దాటాక మూటలతో వచ్చారు. చెట్టు నీడన ఇల్లిల్లూ కూర్చుని ఆకును ఆకు మీద పేర్చి, యాభై కాగానే నారతో బిగించి కడుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల వేళ్లు నా కళ్లకు అందనంత వేగంగా నడిచాయి. సాయంత్రం కల్లం లెక్క చూసే కల్లేదారు కట్టల్ని వందల లెక్కన వరసలు వేయించి, కార్డులో అంకె వేశాడు. ఆ అంకె ఇంటి పెద్ద పేరు మీదే ఉంటుంది. ఆకు కోసింది నలుగురు.

మే 22
2011 సామాజిక ఆర్థిక కుల గణనలో అడిగింది ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంపాదించే ఒక్కరి ఆదాయమే. గడులు మూడు: నెలకు 5,000 లోపు, 10,000 దాకా, ఆపైన. దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో దాదాపు 75 శాతం మొదటి గడిలోనే పడ్డాయి. నడిమి ఇల్లూ అందులోనే మునిగిపోయింది. అది నాలుగు వేలో, రెండు వేలో చెప్పే దారి లేదు.
జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాల నెలసరి సగటును 2002-03లో 2,115 రూపాయలనీ, 2012-13లో 6,426 అనీ, 2018-19లో 10,218 అనీ తేల్చింది. ధరల పెరుగుదల తీయకుండా వీటిని పక్కపక్కన పెట్టకూడదు. చివరి అంకెలో కూలి 4,063, పంట 3,798, పశువులు 1,582, మిగతాది చిల్లర వ్యాపారం, కౌలు. అడవికి విడి గడి లేదు. మా కల్లం ఏ గడిలో పడుతుందో రాసేవాడి చేతిలో ఉంది.

జూన్ 27. భద్రాచలం
దేశమంతటా కుటుంబ ఆదాయ సర్వే వచ్చే ఫిబ్రవరిలో మొదలవుతుందట. 1950ల్లో, 60ల్లో ప్రయత్నించినప్పుడు ఇళ్ల ఆదాయం వాళ్ల ఖర్చు కన్నా తక్కువ తేలింది. ఆ రాసినవాళ్లకూ ఎవరో గంప తెచ్చి చూపిస్తే బాగుండేది.
నా 41 ఇళ్ల వరస పూర్తయింది. ధరల పెరుగుదల తీసేశాక కూడా నడిమి ఆదాయం పెరిగింది. సంతోషమే. కానీ 2005లో 21వ చోట ఉన్న ఇల్లు ఇప్పుడు 9వది. 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచినప్పుడు వాళ్ల పేరు రాలేదు. పట్టా లేదు కాబట్టి రైతుబంధు సాయమూ రాలేదు. పక్కింటికి రెండూ వచ్చాయి, ఆ ఇల్లు 24వది. మధ్యగతాన్ని మాత్రమే రాసి ఊరుకుంటే ఈ ఇల్లు నా కాగితం మీద కనబడకుండా పోతుంది. అందుకే పట్టిక కింద ఆ ఇంటి మూడు అంకెలూ రాశాను.
మిర్చి కోతల్లో చివరి రెండు వారాల కూలి వాళ్లను అడగలేదు. నాట్లు పడ్డాక మళ్లీ వెళ్లాలి.