బియ్యం డబ్బా దగ్గర కోడలు

బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మా కనిగిరి వైపు ఆడపిల్లల్ని బెదిరిస్తారు. మబ్బుకేసి చూస్తూ ఏడాది గడిపే మెట్టప్రాంతం మాది. ఆ మాటే నిజమైతే పెళ్ళికాని పిల్లలందరికీ మేమే దోసిళ్ళకొద్దీ పెట్టేవాళ్ళం. వాన సంగతి ఎలా ఉన్నా, పచ్చిబియ్యం నమిలే ఆడవాళ్ళు నా ఓపీకి చాలామందే వస్తారు. కాకపోతే బియ్యం ఊసెత్తరు. కాళ్ళు పీకుతున్నాయనో, నాలుగు మెట్లెక్కితే ఆయాసమనో, తల తిరుగుతోందనో చెబుతారు.

ఒక కోడల్ని అత్త వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ గుంటూరు వైపు మిరపకోతలకు పోయి తిరిగొచ్చారు. “ఏం జెప్పేది సారూ, ఎప్పుడు జూసినా బియ్యం డబ్బా కాడ్నే ఉంటది. పొద్దుగూకులూ నములుతానే ఉంటది. అన్నం మటుకు సయించదు” అంది అత్త. ఆవిడ లెక్కలో అది దొంగతిండి. కోడలు తల వంచుకుని కూర్చుంది. కంటిరెప్ప కింద ఎరుపన్నదే లేదు, గోళ్ళు మధ్యలో గుంటలు పడ్డాయి. హిమోగ్లోబిన్ 8 గ్రాములకు కాస్త పైన. ఆడవాళ్ళకు 12 ఉండాలి. అత్తను కాసేపు బయట కూర్చోమన్నాక అసలు మాట బయటికొచ్చింది: “బియ్యమొకటే కాదు సార్. తడిసిన మట్టిగోడ వాసనొస్తే ఆగలేను. పిల్లోడి బలపాలు గూడా నేనే తింటున్నా.”

తినకూడనివి ఇలా ఆపుకోలేక తినడాన్ని మేం పైకా అంటాం. ఆహార రుగ్మతల్లో ఇదీ ఒకటి. మనవాళ్ళకు కొత్తేమీ కాదు. పాండురోగాన్ని ఐదు రకాలు చేసిన చరకుడు, అందులో ఒకటి మన్ను తినడం వల్ల వచ్చేదన్నాడు. రఘువంశంలో గర్భవతి సుదక్షిణ నోటి మట్టివాసన ఆమె భర్త దిలీపుడికి ఎంత పీల్చినా తనివి తీరలేదు. మా వైపు మగవాళ్ళు అంత రసికులు కారు, చీవాట్లు పెడతారు.

చరకుడు చెప్పింది సగం దారి. మట్టి తింటే రక్తం తగ్గే మాట నిజమే. బంకమన్ను పేగుల్లో ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అయితే చాలామందిలో ముందు ఇనుము తగ్గుతుంది, ఆ తర్వాతే మట్టి మీదికి మనసు పోతుంది. ఇక్కడ మెదడు సంగతి చెప్పాలి. మెదడులో ఇనుము అన్నిచోట్లా ఒకేలా ఉండదు. లోపల బేసల్ గాంగ్లియా అనే కణపుంజాలున్నాయి, వాటిలో ఎక్కువ. ఏది కావాలనిపించాలి, దేనికోసం చెయ్యి చాచాలి, ఎక్కడ చాలించాలి అన్న వ్యవహారంలో వాటిది పెద్ద పాత్ర. అక్కడ పనిచేసే రసాయనం డోపమిన్. అది తయారవడానికి టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి, ఆ ఎంజైము పనిచెయ్యడానికి ఇనుము కావాలి. ఇనుము తగ్గించిన ఎలుకల్లో డోపమిన్ గ్రాహకాలు కూడా తగ్గాయి. రాత్రిళ్ళు కాళ్ళు కుదురుగా ఉండనివ్వని రెస్ట్‌లెస్ లెగ్స్ జబ్బులోనూ మెదడులో ఇనుము తక్కువే. పీకే కాళ్ళూ నమిలే నోరూ ఒకే మనిషిలో కనిపిస్తే నాకు ఆశ్చర్యం కలగదు.

ఒంటికేది కావాలో నోరు అదే అడుగుతుందని మా పెద్దవాళ్ళ నమ్మకం. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుమెంత? ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచు గీకి తినేవాళ్ళూ వస్తుంటారు, మంచులో ఇనుమెక్కడిది? 2014లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. ఐసు నమిలాక, ఇనుము తగ్గి రక్తహీనత వచ్చినవాళ్ళు ఏకాగ్రత పరీక్షలో మెరుగ్గా చేశారు. మామూలువాళ్ళకు ఏ తేడా రాలేదు. మందగించిన మెదడు కాస్త చురుకుదనం కోసం వెతుక్కుంటోందని వాళ్ళ ఊహ. మట్టికీ బియ్యానికీ అదే వర్తిస్తుందో లేదో ఇంకా తేలలేదు.

ఆ కోడలికి ఇనుము మాత్రలిచ్చాను. నులిపురుగులకు ఆల్బెండజోల్ కూడా. చెప్పుల్లేకుండా తడిమట్టిలో తిరిగేవాళ్ళకు కొంకిపురుగులు పాదాల్లోంచి ఎక్కి, పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. మాత్ర వేసుకోగానే టీ తాగొద్దన్నాను, విరేచనం నల్లగా వస్తే భయపడొద్దన్నాను. ఈ రెండో ముక్క చెప్పకపోతే మాత్రలు చెత్తకుప్పలోకే. రెండువారాల తర్వాత అత్త అడిగింది: “మందే ఇచ్చారా, మంత్రమేశారా సార్? డబ్బా జోలికే పోవట్లా.” హిమోగ్లోబిన్ అప్పటికి పెద్దగా పెరగలేదు. రక్తం నిండకముందే కోరిక పోవడం చాలామందిలో చూస్తాం.

ఊరిపేరు కూడా ఒక్కోసారి రోగనిర్ధారణకు అడ్డొస్తుంది. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు, 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఇక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ గురించి రాశారు. అప్పటినుంచి కనిగిరిలో నొప్పన్నా నీరసమన్నా నీళ్ళ మీదికే పోతుంది. నీళ్ళు చెడ్డవే, కాదనను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. అన్నీ నీళ్ళకు అంటగడితే వీళ్ళను చూసేదెవరు?

ఆపుకోలేక తినే ఆ కోడలికి పూర్తి ఎదురు కేసు కూడా ఒకటి చూశాను. కాలేజీ హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పిల్ల, ఎముకల గూడు. లావయ్యానంటుంది. ఈ జబ్బును అనోరెక్సియా అంటాం. వీళ్ళ మీద ఇంట్లోవాళ్ళకు కోపమెక్కువ: ఎదురుగా కంచం పెట్టుకుని తినకపోవడమేమిటి, పొగరు కాకపోతే! ఆకలి మెదడునేం చేస్తుందో 1944-45లో మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే పరిశోధకుడు చూపించాడు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరునెలలు సగం తిండి పెడితే, వాళ్ళకు పొద్దస్తమానం తిండి ధ్యాసే, వంటపుస్తకాలు పోగుచేసినవాళ్ళూ ఉన్నారు. అనోరెక్సియా ఆకలితోనే మొదలవదు, కానీ ఆకలి దాన్ని బిగిస్తుంది. 2022లో ఎనిగ్మా అనే పరిశోధకుల బృందం అనేక దేశాల స్కానులు కలిపి చూస్తే, ఈ జబ్బున్న ఆడపిల్లల్లో మెదడు పైపొర పలచబడింది. బరువు కొంత పుంజుకున్నవాళ్ళలో ఆ తేడా తక్కువగా ఉంది. అంటే, పలచబడిన మెదడుతో మాట్లాడి ఒప్పించాలంటే ముందు దానికి తిండి పెట్టాలి. అదీ ఒక్కసారిగా కాదు, మాడిన ఒంటికి గబగబా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ పిల్లను పెద్దాసుపత్రికి పంపాను, సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చి.

“ఏం తింటున్నావమ్మా?” అంటే ఎవరైనా “అన్నమే సార్” అంటారు. అందుకే ఇప్పుడు నేరుగా అడుగుతాను, బియ్యమా, మట్టా, బలపమా అని. నవ్వితే తింటున్నట్టే. ఆ అత్తాకోడళ్ళు మూడోసారి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న సరదాకి అత్తను కూడా అడిగాను. “కడుపుతో ఉన్నప్పుడు పుట్టమన్ను తిన్నా సార్” అని, గొంతు తగ్గించి, “ఈ మధ్య మళ్ళీ బియ్యం రుచవుతోంది” అంది. అరవై దాటిన మనిషి. నెలసరి ఆగిపోయిన వయసులో ఇనుము తగ్గిందంటే లోపలెక్కడో రక్తం కారుతోందేమో చూడాలి. రక్తపరీక్ష రాసి, ఎండోస్కోపీకి ఒంగోలు పోవాల్సి రావచ్చని చెప్పాను. “కోతలయ్యాక పోతాలే సార్” అంది. కోడలు ఒప్పుకోలేదు.